నీలం ముక్కలు

పటాన్‌చెరులో ఎండ దిగని మధ్యాహ్నం. మనవడి కోసం తల్లి మిషన్ మీద బొంత కుడుతోంది. పాలిటెక్నిక్ చదివే కూతురు స్కేలు పెట్టి ముక్కోణాలు కత్తిరిస్తోంది.

"అమ్మా, తెల్లయి ఒడిసినయ్. ఇగ నీలం గావాలె."

"నీలం యాడుంది? ఎర్రది ఎయ్యి."

"నాయిన కంపెనీ అంగీలున్నయ్ గదా, రెండు. ఇస్త్రీ జేసి పెట్టెల దాస్తివి."

"అవి ముట్టకు. కంపెనీ తాళం దీస్తే డ్యూటీకి ఏమేసుకొని పోతడు?"

"ఆ తాళం ఎప్పుడో తుప్పు వట్టిందే. ఇప్పుడు తాళంచెవి వెట్టినా తిరగదు."

"జెర మెల్లగ మాట్లాడు. లోపల పండుకున్నడు."

"పిల్లగాన్ని తాత పాత బట్టల మీద పండవెడితే మంచిదని నువ్వే అంటివి."

"పాతయి అన్న. డ్యూటీ బట్టలు అన్ననా?"

"సరే, ఎర్రదే ఏస్త. డిజైన్ ఆగమైతే నన్ననకు."

మిషన్ ఆగింది.

"పో, ఒక్క అంగీ తే. ఒక్కటే."

కూతురు పోయి పెట్టె తెరిచింది.

"అమ్మా, దీని గుండీలేవి?"

"ఏంది?"

"గుండీలు లేవు. జేబు మీద కంపెనీ పేరు కుట్టు గూడ ఇప్పి ఉంది. రెండిటికీ."

"పొద్దుగాల మీ నాయిన బ్లేడు అడిగిండు. గడ్డం గీసుకుంటడనుకున్న."

"గడ్డం అట్లనే ఉంది గదా."

"ఉంది. రెండోది గూడ తే, బిడ్డా."