మైనస్ వస్తే మర్లాలె

ఏందే దీపా, పెన్సిల్ గట్ల కొరుకుతున్నవ్? అసమీకరణాలా? జర జరుగు, నన్ను గూడ సూడనియ్యి. తాతకు రాదనుకున్నవా? మా కొమురెల్లి సారు చెప్పిన లెక్క ఇది, సచ్చేదాంక మర్వను. మల్లాపూర్ల రేకుల షెడ్డు ఉండె ఆయనది, పొద్దుగూకంగ ట్యూషన్ చెప్తుండె. పక్కన లేతు మిషన్ల సప్పుడుకు ఒర్రుకుంటనే చెప్పాలె, పాపం. నేనేమో పదో తరగతిల లెక్కలు ఒకపారి తప్పిన. మళ్ల తప్పితే ఫ్యాక్టరీల అప్రెంటీసు పోతది, బర్లెంబడి తోలుతా అని మా నాయన కూసున్నడు. నాకు బర్లంటే భయం. నవ్వకు. ఇంతకు తప్పు ఏడనంటే, గిప్పుడు నువ్వు జేసిన కాడనే. మైనస్ రెండు ఎక్స్ ఆరుకంటె తక్కువ అన్నడు గద, మైనస్ రెండుతోని భాగిస్తుంటి, తక్కువ గుర్తును ఎక్కువకు మాత్రం మర్లేయకపోతుంటి. గ్రాఫుల గీత సక్కగనే గీసి, షేడ్ ఉల్టా దిక్కు కొడుతుంటి. సారుకు యాష్టకొచ్చింది. 'అరేయ్ నాగేందర్, నీ తలకాయకు ఎక్కుతలేదు, పెయ్యికన్న, ఒంటికన్న ఎక్కిస్తా' అని, మైనస్‌తోని భాగించినప్పుడల్లా లేచి ఎన్కకు మర్లి కూసోమంటుండె. చాప మీద బొంగరమోలె తిరుగుతుంటే పోరగాండ్లంత ఒకటే నవ్వుడు.

పరీక్ష ఉప్పల్ బడిల పడ్డది. గదే లెక్క వచ్చింది, మైనస్ వచ్చింది, ఇగ అలవాటు ఊకుంటదా, బెంచి మీద ఎన్కకు మర్లి కూసున్న. ఎన్క పిలగాని పేపరు నా ముక్కు కాడ. సూపర్‌వైజర్ కోస్తా దిక్కు మనిషి, 'ఏంటయ్యా, ఇంత దర్జాగా కాపీ కొడతావా' అని పేపరు గుంజుకున్నడు. 'కాదు సార్, మైనస్ వచ్చింది, వస్తే మర్లుమన్నడు మా సారు' అంటి. కండ్ల ముంగట బర్లు కనవడుతున్నయ్. 'అయితే నా ముందు ఇంకోటి చెయ్యి' అని ఆయనే ఒకటి ఇచ్చిండు. భాగించిన, ఆయనకే ఈపు వెట్టి మర్లిన, గుర్తు మర్లేసిన. కిసుక్కున నవ్వి పేపరు చేతులవెట్టిండు. పాసైన, బిడ్డా. గా ఫ్యాక్టరీ కొలువు మీదనే మీ నాయన పెరిగిండు.

సారు పోయిననాడు నాచారం కాటికి అందరం పోయినం. నిప్పు పెట్టినంక ఎన్కకు మర్లి సూడొద్దంటరు గద, అందరు తలకాయ వంచుకొని నడుస్తున్నరు. నేను మర్లిన. మా దయాకర్ బావ రెక్క గుంజిండు, 'మర్లొద్దురా' అని. 'సారే లేకపాయె బావా, గింత పెద్ద మైనస్‌కు మర్లకుంటే ఊకుంటడా' అన్న. మస్తు ఏడిసిన గానాడు.

రబ్బరేది? తుడువు, షేడ్ గిటు దిక్కు కొట్టు.