ఖాళీ చేతుల నడక

ఏయ్ నోరా, ఆ మ్యాపు మీద టీ కప్పు పెట్టకే, సరస్సంతా మరకవుతుంది. ఏదీ, ఇలా తే. కళ్లజోడు ఎక్కడ పెట్టానో... ఆఁ, నెత్తిమీదే ఉంది. ఇదేనా మీరిద్దరూ కూచుని వేసిన లెక్క? పొద్దున్నే పడవెక్కి, చీకటి పడకుండా లూన్ సరస్సు చేరిపోతారా? మీ కాలెబ్ వేసుంటాడు. నీళ్ల మీద దూరం బాగానే కొలిచాడు, పాపం. ఒక సరస్సు నించి ఇంకో సరస్సుకి నేలమీద పడవ మోసుకెళ్లే దారులు ఉన్నాయే, ఆ మోతదారుల్ని మాత్రం ఒక్కోదాన్ని ఒకే నడకగా లెక్కపెట్టాడు. ముందు పడవా ఒక మూటా దింపి రావాలి, తర్వాత మిగిలిన మూటలు. అంటే మోసుకుంటూ వెళ్లడం, ఉత్తి చేతులతో వెనక్కి రావడం, మళ్లీ మోసుకుంటూ వెళ్లడం. ఒక దారికి మూడు నడకలు. ఏమిటీ, అన్నీ ఒకేసారి మోసేస్తాడా? మొయ్యనీలే, కండలున్నాయి. మీ తాత ఉంటే నవ్వేవాడు. నవ్వడమంటే, పెదవి ఓ మూల కాస్త కదిలేది అంతే. ఫిన్లాండ్ నించి వచ్చినవాళ్ల ఇంట్లో అదే పండగ.

నువ్వు ఫొటోలో చూడ్డమే గాని ఎరగవు మీ తాతని, మా ఈరోని. నేనెరిగేనాటికి అడవిలో మంటలు కనిపెట్టే టవర్ దగ్గర కాపలా ఉండే దంపతులకి సామాన్లు చేరవేసేవాడు. పిండి, బేకన్, కిరోసిన్. మా నాన్న ఆయన జత. ఆ ఏడు నాన్నకి నడుం పట్టేసి, పడవ ముందు కొనలో నేను కూచున్నాను. హాస్కెట్ అని పై అధికారి, ఆయన నన్ను ఎగాదిగా చూసి, ‘ఈ పిల్ల మోస్తుందా?’ అన్నాడు. మా ఓజిబ్వే తెగ ఆడవాళ్లు నొసటికి పట్టీ తగిలించుకుని వీపున ఎంత మోస్తారో ఆయనకేం తెలుసు. మా అమ్మమ్మ అయితే మూట మీద పిల్లాణ్ణి కూడా కూచోపెట్టేదిట. సరే, ఏం చెబుతున్నాను? ఆఁ, లెక్క. నాన్నతో ఉన్నప్పుడు ఒక్కరోజులో వెళ్లొచ్చేసేవాడు మీ తాత. నేనొచ్చాక, వెళ్లడానికో రోజు, రావడానికో రోజు. రాత్రి నేను టవర్ ఆవిడ వంటింట్లో పడుకునేదాన్ని, ఆయన బయట పడవ బోర్లించి దాని కింద. హాస్కెట్ ఊరుకుంటాడా? రేవులో నిలబడి మీ తాతని ఇంటిపేరుతో పిలిచి, ‘ఏమోయ్ లాంపినెన్, దారిలో ఎక్కడన్నా పెళ్లి భోజనానికి ఆగుతున్నావా?’ అనేవాడు. ఈయన బూట్లకేసి చూసుకుంటూ, ‘దారి పొడుగు,’ అనేవాడు. మా నాన్న రోజుల్లో ఆ దారి పొట్టిగా ఉండేదా అని నేనూ అనుకున్నాను. ఈయనకీ నడుం నొప్పేమోలే, చెప్పుకోలేక ఊరుకుంటున్నాడు అని జాలిపడ్డాను కూడా.

నవ్వకు. మోస్తున్నప్పుడు ఏం కనిపిస్తుందో నీకు తెలీదు. ఆయన తలమీద పడవ బోర్లించి ఉంటే సొంత బూట్లు తప్ప కనిపించవు. నాకేమో నొసటి పట్టీ, మెడ వంచుకుని చెట్ల వేళ్లూ రాళ్లూ చూసుకుంటూ పోవడమే. నల్లీగలు చెవుల్లో దూరినా తోలుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదు. వెనక్కొచ్చే ఆ మధ్య నడక ఉంది చూశావూ, అప్పుడే తల ఎత్తేది. ఇద్దరం పక్కపక్కన. నేను వసపిట్టలా వాగేదాన్ని, మా పిన్ని కోడిపుంజు గొడవ దగ్గర్నించీ. ఆయన ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు, టోపీ నిండా బ్లూబెర్రీలు కోసి నా ముందు పట్టేవాడు. ఎండ బిర్చి చెట్ల ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు పడేది. ఆ వాసన ఇప్పటికీ... సరేలే.

ఆగస్టులో హాస్కెట్ తేల్చి చెప్పేశాడు. ‘ఈసారి ఒక్కరోజులో తిరిగి రాకపోతే ఈ పని ఆ మాకెలా ఇంటిపేరు అన్నదమ్ములకి ఇచ్చేస్తాను. నువ్వు గనిలో పనికి పో, ఈ పిల్ల ఇంటికి పోతుంది.’ నాకు గుండె జారిపోయింది. ఎందుకు జారిందో నాక్కూడా తెలీదు, అప్పటికి. మర్నాడు మొదటి మోతదారి దగ్గర ఆయన్ని అడగనుకూడా లేదు. రెండు మూటలు ఒకదానిమీద ఒకటి నేనే కట్టుకుని లేచాను. మూడోది ఆయన వీపుకి తగిలించి, ‘పడవ ఎత్తు, నడు,’ అన్నాను. అలా చూశాడు. ఎత్తాడు. ఆయన ముందు, నేను వెనక. రెండో మోతదారిలో తడి దుంగమీద కాలు జారి మోకాలు చెక్కుకుపోయింది. అరవలేదు, పళ్లు బిగపట్టుకుని లేచాను. పడవ కింద ఉన్న మనిషికి ఏం తెలుస్తుంది? మధ్యాహ్నానికే టవర్ చేరాం, పొద్దుండగానే రేవులోకి వచ్చేశాం. హాస్కెట్ చేతులు రుద్దుకుంటూ, ‘ఇదీ పనంటే,’ అని వెళ్లిపోయాడు.

నేను గెలిచానన్న సంబరంలో ఉన్నాను. ఈయన పడవ బోర్లిస్తూ మొహం ముడుచుకున్నాడు. అప్పుడే నా మోకాలు కంటపడింది, రక్తం ఎండిపోయి లంగాకి అంటుకుని. ‘ఎప్పుడు?’ అన్నాడు. ‘పొద్దున్న. అయితేనేం, నీ పని నిలబెట్టాను, ఆ ఏడుపు మొహం ఏమిటి? రేపట్నించీ ఇలాగే ఒకేసారి మోసేద్దాం, నీ నడుం సంగతి నేను చూసుకుంటాలే,’ అన్నాను. తెడ్డు పట్టుకుని నిలబడిపోయాడు. నీళ్లు చెక్కల్ని కొడుతున్నాయి. రోజుకి నాలుగు మాటలు మించి ఎరగని మనిషి, నా మొహంకేసి సూటిగా చూసి, ‘నా నడుం బాగానే ఉంది, ఆగ్నెస్,’ అన్నాడు. ‘ఇవాళ మోసినంత మొదటిరోజు నించీ మొయ్యగలను. ఒకేసారి మోసేస్తే నువ్వు కనబడవని మొయ్యలేదు.’