తిప్పక్క ఏరిన ఇత్తనాలు

తిప్పక్కని ఒక కోడలుండేదంట. చాట పట్టుకునిందంటే రాయి గానీ పొల్లు గానీ దాన్నుంచి తప్పించుకునేది కాదు, అంత శుభ్రం మనిషి. కాలవ కింద ఊరి పిల్ల అనుకో. ఆ పక్క కనుచూపు మేర ఒకటే వరి, నడుమ ఇంకో మొక్క మొలిస్తే పీకి పారేసేదాకా వాళ్ళకి నిద్ర పట్టదు. అట్లాంటి పిల్లని తెచ్చి మన మాదిరి ఎర్రనేల ఊర్లో, ఓబులమ్మ కొడుకు సుంకన్నకిచ్చి చేసినారు. అత్తాకోడళ్ళనంగానే కొట్లాట కథ అనుకునేరు, కాదబ్బా. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ ప్రాణంతోనే వచ్చింది తంటా, ఇనండి.

ఏమైందంటే, ఏరువాక ముందర ఓబులమ్మ కూతురికి కానుపు దగ్గర పడింది. "అమ్మీ, ఇత్తనం అటక మీద సొరబుర్రల్లో ఉండాది, మృగశిర వాన పడినాక ఇత్తేదానికి గొర్రు కట్టుకోండి" అని చెప్పి ఆయమ్మ బండెక్కి పోయింది. తిప్పక్క బుర్రలు దించి, బూడిద దులిపి, చాటలో పోసుకుంటే ఏముంది? కొర్రల్లో జొన్నలంట, జొన్నల్లో కందులంట, కందుల్లో అలసందలంట, నడుమన అనుములంట! "అయ్యో, మాయత్తకి కండ్లు సరిగా ఆనడంల్యా, అన్నీ కలిపేసింది పాపం" అనుకునింది. కోపం కాదు, జాలి. కూచోని ఏరింది. మెడ పట్టేసినా ఏరింది. ఒక చేనికి ఒకే పైరు కదా అని కొర్రలు మాత్రం ముత్యాల మాదిరి ఇత్తనానికి పక్కన పెట్టింది. తక్కినవేం చేసిందంటారు? ఇంకో బుర్రలో ఉలవలు కనపడితే అవి కూడా కలిపి, పెద్ద కుండలో ఉడకేసి, తిరగవాత పెట్టి, వీధి వీధంతా గుగ్గిళ్ళు పంచింది! అవి ఇత్తనాలని ఎవురికి తెలుసు? తిన్నోళ్ళంతా "ఓబులమ్మ కోడలి చెయ్యే చెయ్యి" అన్నారంట. ఆ పిల్ల మురిసిపోయింది.

మృగశిర వాన పడింది. సుంకన్న గొర్రు తోలినాడు, ఎనకాల తిప్పక్క గొర్రు మీది జడ్డిగం గిన్నెలో ఇత్తనం పోసుకుంటా పోయింది, ఉత్త కొర్రలు. చేను మొలిచింది చూడు, చాప పరిచినట్టు ఒకటే పచ్చదనం. సుంకన్న కూడా గట్టు మీద నిలబడి మీసం దువ్వినాడంట. ఆ తర్వాత ఆరుద్ర ఎండింది. పునర్వసు ఎండింది. ఎన్ను తీసే యాలకి కొర్ర కొర్రంతా ఒకే తూరి తల వాల్చేసింది. పక్క చేన్లలో కొర్ర పోయినా కంది నిలబడుకోనుండాది, అలసంద పాకతా ఉండాది. వీళ్ళ చేన్లో నిలబడేదానికి ఇంకోటి ఉంటే కదా?

కూతురి పురుడు ముగించుకోని అప్పుడొచ్చింది ఓబులమ్మ. చేనంతా తిరిగి చూసి "మన కందేదమ్మీ? అలసందేది?" అనింది. తిప్పక్క జరిగిందంతా చెప్పి, "ఏరేసినానత్తా, తినేసినాము" అని బోరున ఏడ్చింది. ఆ ఇత్తనం ఓబులమ్మ వాళ్ళత్త నాటిది మరి. ఐనా నోరు జారలేదు. కొంగుతో కోడలి మొగం తుడిచి ఏమనిందంటే, "అమ్మీ, నాకు కండ్లు బాగానే ఉండాయి. మీ ఊర్లో నీళ్ళు కాలవలో వస్తాయి, ఎప్పుడొచ్చేదీ తెలుసు. మనకి వానలు చుట్టాల మాదిరి. ఏ వాన వస్తాదో, ఏ వాన మొగం చాటేస్తాదో ఎవురికి తెలుసు? ముందొచ్చినోనికి కొర్ర, రానోని బదులు ఓర్చుకోని నిలబడేదానికి కంది, అందరూ పోయినాక వచ్చినోనికి ఉలవ. ఎవురొచ్చినా వాని ముద్ద మనింట్లో ఉండల్ల. నువ్వు ఒక్క చుట్టానికే వండి పెట్టినావు తల్లీ" అనిందంట.

ఆ మాట అని ఎన్నాళ్ళో కాలేదు, ఉత్తర కార్తిలో దిగింది చూడు వాన! నేల నానింది, ఎద్దులు సిద్ధం, గొర్రు సిద్ధం. బుర్రలు ఖాళీ. ఆ పదును ఆరిపోతే ఏడాదంతా తినేది ఏంది? తిప్పక్క చాట తీసుకోని ఇల్లిల్లూ తిరిగింది. సిగ్గుతో తల ఎత్తలేక పోయిందంట. ఎదురింటి గంగులక్క నవ్వి "గుగ్గిళ్ళు తిన్న నోటితో లేదని ఎట్లంటాము?" అని ఉలవలు పోసింది. ఒకామె అలసందలు, ఒకామె అనుములు, ఒకామె తెల్లజొన్న. మన పక్క కూడు అడిగితే లేదంటారేమో గానీ ఇత్తనమడిగితే లేదనరు కదా. ఇల్లు చేరేసరికి చాటలో అన్నీ కలిసిపోయినాయి. చేలోకి పోయి జడ్డిగం ముందర నిలబడితే ఆ పిల్ల చేతులు ఊరికే ఉంటాయా? అలవాటుగా ఏరబోయినాయంట. ఓబులమ్మ చూస్తా ఉండింది. తిప్పక్క చెయ్యి ఎనక్కి తీసుకోని, ఎట్లున్నవి అట్లే జడ్డిగంలో పోసింది.

ఆ ఏడు వాళ్ళింట్లో కొర్రన్నం లేదు గానీ పస్తు లేదు. ఉలవకట్టు, అలసంద గుగ్గిళ్ళు, జొన్నసంగటి. గంగులక్కకి ముందు పెట్టినాకే తిప్పక్క నోట్లో పెట్టుకునింది. ముసలిదైనాక ఆ తిప్పక్కే కోడళ్ళకి చెప్పేదంట, "ఏరండే, ఏరొద్దనను. రాళ్ళేరండి. ఏ వానకీ చుట్టం కానిది రాయొక్కటే" అని. మా ఇంట్లో చూస్తే, ఆ రాళ్ళు మాత్రం ఎవురూ ఏరరు, అన్నంలో రాళ్ళు కొరికిన నా పండ్లే చెప్తాయి.