మగ్గం చప్పుడు

సబ్‌మెరైన్‌లో దెయ్యాల నుంచి తప్పించుకునే పాతకాలపు తరహా వీడియోగేమ్ ఒకటి వాళ్ళిద్దరూ కలిసి తయారుచేస్తున్నారు. అమీర్‌పేటలో టీకొట్టు ముందు ఆమె ఒక ఇయర్‌ఫోన్ అతనికిచ్చి, రెండోది తన చెవిలో పెట్టుకుంది.

"అన్నా, పంజాగుట్ట కంపెనీ కొత్త గేమ్ చూసినవా? గది సుత సబ్‌మెరైనే."

"అయితే ఏంటి? ఎవరైనా చేసుకోవచ్చు."

"ఇంజిన్ చప్పుడు సుత మనదే."

"ఇంజిన్లన్నీ ఒకలాగే మోగుతాయి."

"మనది ఇంజిన్ కాదు గదన్నా. సిరిసిల్లల మా ఇంటి మగ్గం."

"ఇంటర్నెట్‌లో మగ్గాల చప్పుళ్ళు బోలెడు దొరుకుతాయి. నన్ను అనుమానిస్తున్నావా?"

"రేపు మన గేమ్ బయటికొస్తే మనల్నే దొంగలంటరు. నాకు గదే ఫికర్."

"నీ రికార్డింగ్ నేనెవరికీ ఇవ్వలేదు. ఒట్టు."

"జర విను. గిది వాళ్ళ గేమ్ చప్పుడే. ఇప్పుడొస్తది."

మగ్గం మోతలో ఎవరో మెల్లగా దగ్గారు. అతను చటుక్కున ఇయర్‌ఫోన్ తీసేశాడు.

"అదేంటి, ఆ దగ్గు తీసేశాను కదా!"

ఆమె అతని ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"మన గేమ్‌ల తియ్యలేదు. వాళ్ళకిచ్చిన దాంట్ల తీసినవు. మా నాయిన రెండుసార్లు దగ్గిండన్నా. నువ్వు ఒక్కటే తీసినవు."