తాతబ్బాయి ప్లేయర్లో కనబడని బొమ్మ లేదు

తాతబ్బాయి నోరు తెరిచాడంటే అబీద్ సెంటర్లో టీలు చల్లారిపోవలసిందే. పెళ్లిళ్లకి మైకుసెట్లూ సీరియల్ లైట్లూ కట్టే మనిషి. మైకులు కట్టీ కట్టీ కాబోలు, ఎదురుగా ఉన్నవాడితో మాట్లాడినా వీధి చివరికి వినబడుతుంది. ఆ సాయంత్రం బుల్లమ్మ టీ బడ్డీ ముందు బల్ల మీద కాలు మీద కాలేసుకుని, కొత్తగా కొన్న డీవీడీ ప్లేయరు గురించి మొదలెట్టాడు.

మామూలుగా అయితే బుల్లమ్మ అతని కోతలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. ఈసారి వదల్లేదు. ఎనిమిదేళ్ల కిందట మాకవరపాలెంలో పెద్దకూతురి పెళ్లిలో, తలంబ్రాల తోపులాటలో, బుల్లమ్మ మెడలో గొలుసు మాయమైపోయింది. అప్పుడు వెనక నిలబడి కొప్పులో పూలు సర్దింది తోడికోడలు జోగులమ్మ. ఇంకెవరు తీస్తారని పదిమందిలోనూ అనేసింది బుల్లమ్మ. ఆ రోజు నుంచి రెండిళ్లకీ మాటల్లేవు. పెళ్లి డిస్కు ఎన్నిసార్లు వేసి చూసినా సరిగ్గా తలంబ్రాల దగ్గరకొచ్చేసరికి బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. నిజంగా జోగులమ్మేనా అన్న అనుమానం మాత్రం ఆమెను తినేస్తూనే ఉంది.

"ఏటి, అంత బాగా కనబడతాదేటి నీ ప్లేయర్లో?" అంది గ్లాసులు కడుగుతూ.

"అలాగంటావేటి బుల్లమ్మప్పా! జనం ఏలకి ఏలు పోసి కొంటారు, నాను సంతలో ఎనిమిదొందలకి కొన్నాను. కొనడంలో ఏటీ నేదు, అంతా కలపడంలోనే ఉంది. అందరూ ఆ పసుప్పచ్చ వైరొక్కటీ గుచ్చీసి ఊరుకుంటారు, బొమ్మ గంజిలో ముంచినట్టుంటాది. నానేటి సేసేను? ఎనకాల ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు బొక్కలుంటాయి కదా, ఆటికి మూడు వైర్లు కలిపేను. టీవీలో షార్పునెస్సు తగ్గించేను. డిస్కుని కళ్లజోడు గుడ్డతో నడుమ నించి అంచుకి తుడిచేను. ఆ తరవాతేటైందో తెలుసా?"

ఇంతవరకూ నమ్మేలానే ఉంది. అదే బుల్లమ్మకి నచ్చలేదు. తాతబ్బాయి నమ్మేలా మాట్లాడాడంటే వెనకాల ఏదో ఉంటుంది.

"ఏటైంది మావా?" అన్నాడు నాతవరం షేర్ ఆటో నడిపే దేవుళ్లు, నవ్వు బిగబట్టుకుని.

"బొమ్మొచ్చీసింది! హీరో మీసం మీద సెమట బొట్లు లెక్కెట్టుకోవచ్చు. ఒక్కో బొట్టులో పైనున్న ఫ్యాను తిరగడం కనబడతాది. విందు సీనొచ్చింది, కోడికూర ఆవిరికి టీవీ అద్దం మసకేసీసి మా ఇంటిది కొంగుతో తుడిచింది. ఈధిలో కుక్కలన్నీ వచ్చీసి మా గుమ్మం ముందు వరసగా కూకున్నాయి!"

"వాన సీను రాలేదేటి?"

"రాకేటి! మా ఇంటిది బేగి బేగి దండెం మీద బట్టలు తీసీసింది. సాప తడిసిపోయింది. ఆ నీళ్లు గుమ్మం దాటీసి ఈధిలో పడ్డాయి. తాండవ డ్యాము గేట్లు ఎత్తీసేరనుకుని పక్కీధోళ్లు పిల్లల్ని మేడలెక్కించీసేరు! తరవాత పాము సీను. అది అద్దం దగ్గరకొచ్చి బుస్సుమంది. నానూరుకుంటానేటి? రిమోటుతో ఒక్కటేసేను, సచ్చింది. అక్కడితో సినిమా ఆగిపోనాది. కతంతా ఆ పాము మీదే కదరా పాపం!"

దేవుళ్లు పొట్ట పట్టుకుని నవ్వాడు. బుల్లమ్మ నవ్వలేదు.

"మా పెద్దదాని పెళ్లి డిస్కు అందులో ఏసి సూసేవా? ఆ రోజు మైకు కట్టింది నువ్వే కదా, వీడియో ఆయన నీకూ ఒకటిచ్చేడన్నావు."

తాతబ్బాయి టీ ఒక గుటక ఎక్కువ తాగాడు. "సూడకేటప్పా."

"అయితే గొలుసు ఎవులు తీసేరో సెప్పీ మావా, ఓ పనైపోద్ది," అన్నాడు దేవుళ్లు.

"అక్కడికొచ్చేసరికి కరెంటు పోనాదిరా."

"పోద్ది, పోద్ది! సరిగ్గా అప్పుడే పోద్ది!"

తాతబ్బాయికి రోషం పొడుచుకొచ్చింది. "నమ్మవేట్రా? మనిషి కనబడకపోతే ఏటి, గొలుసు కనబడింది! కొక్కెం లోపలేపు కంసాలి కొట్టిన 'స' అచ్చరం, దాని కిందన సుక్క, అన్నీ సదివేను. ఎనిమిదొందల ప్లేయరంటే ఏటనుకున్నావు!"

దేవుళ్లు చప్పట్లు కొట్టాడు. బుల్లమ్మ స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుని, బడ్డీలోంచి బయటికి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"మల్లీ సెప్పు. ఏ అచ్చరం?"

"స..."

"ఏ పక్కన?"

"లోప..." అని ఆగిపోయాడు తాతబ్బాయి. ఆ మాట పక్కనున్న దేవుళ్లుకి కూడా సరిగ్గా వినబడలేదు.

"అది మాయమ్మ సత్యవేణి పేరు. అచ్చరం నా మెడకి ఆనుకునుంటాది. దాని మీద కొప్పు, కొప్పు నిండా పూలు, ఆ పైన పట్టుచీర కొంగు. నాతో ముప్పయ్యేళ్లు కాపురం సేసిన నా మొగుడికే తెల్దు అక్కడ అచ్చరం ఉందని. దాన్ని సదవాలంటే ప్లేయరు సాలదు తాతబ్బాయీ. గొలుసు సేతిలో ఉండాలి."

దేవుళ్లు మొహంలో నవ్వు పోయింది. లేచి, బల్లకి అటు పక్కగా వచ్చి నిలబడ్డాడు.

"అప్పా, ఏదో సరదాకి... నాను కోతలు కోస్తానని నీకు తెల్దేటి?"

"తెల్సు. ఎన్నాళ్లకో ఇయ్యాల ఒక్క నిజం సెప్పేవు."

ఆ మాట అంటూనే, పందిట్లో అందరి ముందూ తను జోగులమ్మని దొంగ అన్నప్పుడు ఆమె మొహం ఎలా అయిపోయిందో బుల్లమ్మకి గుర్తొచ్చింది. ఆ మొహం గళ్లు గళ్లుగా లేదు, ఎదురుగా ఉన్నట్టే ఉంది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"దేవుళ్లూ, ఆటో తియ్యి. ఈణ్ని కూడా ఎక్కించు."

"ఈడింటికా అప్పా, గొలుసుకి?"

"గొలుసు తరవాత. ముందు రోలుగుంట పద, జోగులమ్మ ఇంటికి. సూసిందంతా దానికి సెప్పు తాతబ్బాయీ. అచ్చరం, సుక్క, ఒక్కటీ వదలకు. నువ్వు సెప్పీసేక నాను దాని కాళ్లట్టుకోవాలి."