నాలుగు లైన్లు తక్కువొచ్చాయి

ఏవిటీ, స్ఫూర్తా? ఎవరు నేర్పారే ఆ మాట నీకు? అది రాలేదని మూణ్ణెల్ల నుంచి ఆ నోటుబుక్కు ఖాళీగా పెట్టుకు కూర్చున్నావా? పైగా "తాతా, నీకెక్కణ్ణుంచి వచ్చింది" అట! కూర్చో ఇలా. ఫోన్లో రికార్డు చేసుకుంటే చేసుకో. నాకు వచ్చింది స్ఫూర్తీ కాదు, నా మొహమూ కాదు, ఒళ్ళుమంట. ఇప్పటికీ చల్లారలేదు. ఎవరి మీదా? మొదట్లో ఒక కంపోజిటరు మీద. ఇప్పుడూ... చెప్తా ఉండు, తొందరపెట్టకు.

అప్పట్లో కథ అచ్చవ్వాలంటే ఒక్కో అక్షరం చేత్తో ఏరి పేర్చాలి. సీసం అక్షరాలు, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. మా పత్రిక ప్రెస్సులో ఆ పని చేసే కంపోజిటర్ని అందరూ తలకిందులాయన అనేవాళ్ళు. నీ చేతిలో కాగితం ఉంటే ఎదురుగా నిలబడి అట్నుంచే చదివేసేవాడు మరి. బక్కమనిషి, నల్లబడిన వేళ్ళు, నోట్లోంచి మాట ఊడిపడ్డం గగనం. నాకు ఇరవై మూడేళ్ళు, ఒళ్ళంతా పొగరు. కథ రాయడం అంటే ఏమనుకున్నాననీ, సాయంత్రం స్నేహితుల ముందు చదివి శభాష్ అనిపించుకోవడం. దిద్దుకోవడమా, ఆ ఊసే లేదు. "కలం పెడితే ఆగదయ్యా నాకు" అని నేనే చెప్పుకునేవాణ్ణి, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

సరే, ఓ కథ ఇచ్చాను. భార్య పోయినవాడి కథ. నాకు పెళ్ళే కాలేదు, చూడు నా తెలివి! ఆఖర్న వాడిచేత గుండెలు బాదించి, చావు గురించి ఇంత ఉపన్యాసం దంచాను. పత్రిక వచ్చిందో లేదో ఉత్తరాలు, ఇరవైకి పైనే. గాల్లో తేలుతూ ఒక్కోటీ విప్పుతున్నా. అందరిదీ ఒకటే మాట, "ఆ చివరి మాటలు చదివి చాలాసేపు లేవలేకపోయామండీ" అని. నా ఉపన్యాసమే అనుకున్నా. అచ్చులో నా పేరు చూసుకుని మురిసిపోయానే గానీ కథ చదివితేగా, అదీ నా శ్రద్ధ! అప్పుడు తీసి చూస్తే, ఉపన్యాసం కింద నేను రాయని నాలుగు లైన్లు. "ఇంటికొచ్చి అలవాటుగా రెండు కంచాలు పెట్టాడు. ఒకటి తీసేశాడు. కాసేపు నిలబడ్డాడు. మళ్ళీ పెట్టాడు." అంతే.

అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రెస్సుకి పరిగెత్తా. యజమాని చేతులు దులిపేసుకున్నాడు, "నాకేం తెలుసు బాబూ, పేజీ సర్దింది వాడు. అన్నానికెళ్ళాడు, వెనక సందులోనే ఇల్లు" అని. వెళ్ళా. ఒకటే గది, తలుపు తీసే ఉంది. గుమ్మంలోంచే అరిచా. "ఎవరయ్యా నువ్వు? నా కథలో చెయ్యి పెట్టడానికి ఎవరసలు నువ్వు?" ఆయన గాభరాగా లేచి, "పేజీకి నాలుగు లైన్లు తక్కువొచ్చాయండీ. మామూలుగా అయితే పువ్వు బొమ్మ వేసేద్దుమండీ, పువ్వు అచ్చులన్నీ పెళ్ళికార్డుల్లో ఇరుక్కున్నాయి. ఎడిటరుగారు ఊళ్ళో లేరు. తప్పయితే..." అని ఇంకా ఏదో చెప్పబోయాడు. నేను వింటేగా! "ఉద్యోగం ఊడగొట్టిస్తా" అని వేలు చూపిస్తూ బల్ల వైపు చూశా. బల్ల మీద రెండు కంచాలున్నాయే. ఒకదాంట్లో ఆయన సగం తిన్న అన్నం. రెండోది ఖాళీ. గదిలో ఇంకో మనిషి లేదు.

వేలు దించేశా. ఆయన నా చూపు కనిపెట్టి, తను తింటున్న కంచం ఇటు జరిపి, "తింటారా బాబూ" అన్నాడు. రెండోది మాత్రం ముట్టుకోలేదు. నేను వెనక్కి తిరిగి వచ్చేశా. తప్పయిందని కూడా అనలేదు. వారం తర్వాత ఎడిటరు "ఏం ముగింపయ్యా!" అని భుజం తడితే, నవ్వి ఊరుకున్నా. ఊరుకున్నానే! దొంగవెధవని!

అప్పట్నుంచే నాకు కాగితమంటే భయం పట్టుకుంది. పొద్దున్నే లేచి కూర్చోవడం, రాసింది పదిసార్లు కొట్టెయ్యడం, అన్నీ ఆ భయంతోనే. నువ్వేమో స్ఫూర్తి అంటావు. రోజంతా నిలబడి ఊళ్ళోవాళ్ళ కథలు పేర్చినవాడికి ఎవరిచ్చారే స్ఫూర్తి? నాలుగు లైన్ల చోటు దొరికింది, అంతే. బతుకు మొత్తానికి నాలుగు లైన్లు. నాకేమో కాగితాలు బస్తాలకొద్దీ. ముప్ఫై పుస్తకాలు రాశాను, వాటిల్లో ఆయన రాసినవాటికి సాటొచ్చే నాలుగు లైన్లు ఏవీ, చూపించు!

ఆ కథ ఇప్పుడు మళ్ళీ వేస్తారట. పబ్లిషరుకి తెగేసి చెప్పా, "ఆ నాలుగు లైన్లూ నావి కావు, కింద ఆయన పేరు వెయ్యాల్సిందే" అని. "అలాగేనండీ, పేరు చెప్పండి, రాసుకుంటా" అన్నాడు.

ఆఁ? ఏం చెప్పానా? అందరూ తలకిందులాయన అనేవాళ్ళు, చెప్పాగా... ఆ ప్రెస్సు మూసేసి నలభై ఏళ్ళయింది. అక్కడ పనిచేసినవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. నేనే అడిగానే, గుమ్మంలో నిలబడి. ఎవరయ్యా నువ్వు అని రెండుసార్లు అడిగా. ఏదో చెప్పబోయాడు కూడా...

ఆ ఫోను ఆపు. ఆపమంటున్నానా!