తలుపు వెనకాల మనిషి

దమ్ము గట్టిగ తీయకు రా! బయటికి ఇనవడుతది. మంచం కిందికి జరుగు. ఇంకా జర. కాళ్లు లోపటికి గుంజుకో.

ఈ బమ్రోలి బస్తీల ఇన్ని ఖోలీలుండంగ నా అర్రలనే సొచ్చినవా? దవాఖానల మా ఆయన ఆధార్ కార్డు అడుగుతున్నరని, తీసుకపోనీకి ఇంటికి ఉరికొచ్చిన. చూస్తే నువ్వు. "అమ్మా, కాపాడు" అంటివి, అదీ తెలుగుల. ఎవరికి అమ్మను రా నేను? నువ్వు టెంపో ఎనుకకు తీసి గోడకు నొక్కింది నా మొగన్నే!

అవు. లక్ష్మీరాజం నా పెనిమిటే. గట్ల చూడకు.

చీరల మూటలు ఆకాశం దాక పేర్చుకుంటివి, ఎనుక మనిషున్నడో లేడో ఎట్ల కనవడుతది? దిగి చూడాలె గదా! జర దిగి చూస్తే నీ సొమ్మేం పోతుండె?

ఇన్నవా? సలాకలు పట్టుకొని ఇల్లిల్లు దేవులాడుతున్నరు. "సంధ్యారాణి ఇల్లొద్దు, పాపం, నలిగింది ఆమె మొగడే గదా" అని నా ఇల్లొక్కటి ఇడిచిపెడుతున్నరు. అందరు ఆయనతోని మగ్గాల కాడ పనిచేసేటోళ్లే. నేను గొళ్లెం తీస్తే సాలు. నన్నెవ్వరు ఒక్క మాటనరు.

పాస్టరయ్యకు ఫోన్ చేసిన, పోలీసులను తోలుకొస్తనన్నడు. దవాఖానల మా ఆయన పక్కకు నా మరిది ఉమాకాంత్ ఉన్నడు. ఉండాల్సింది నేను గదా! పోదామంటే ఈ రేకుతలుపుకు బయట కొండి లేదాయె. నేనటు పోతే నీ పానం ఇటు పోతది.

మొన్న ఆదివారం చర్చిల పిల్లలకు నేనే చెప్పిన. నరహత్య చేయకూడదు, మనిషిని దేవుడు తన పోలికల చేసిండు, ఎవ్వని పానమైనా పవిత్రమే అని. చెప్పనీకి నోరు మస్తు తిరుగుతది! ఇప్పుడు నీ మొఖంల చూస్తున్న, ఆ పోలిక యాడున్నదా అని. చెమట తప్ప ఏం కనవడుతలేదు. కనవడకున్నా ఉంటదట. గదే వచ్చింది తిప్పలు.

ఆగు, ఫోన్.

ఏంది ఉమాకాంత్? సక్కగ చెప్పు... ఎప్పుడు? మంచిగ చూసిన్రా? డాక్టరే చెప్పిండా?... ఆ. ఆ. వస్త.

పోయిండు.

నువ్వేడ్వకు! నోరు మూయ్. నేనే ఏడుస్తలేను, నీకేం వచ్చింది? నేను ఒక్కసారి నోరు తెరిస్తే గల్లీ అంత లోపటికొస్తది. చావు ఏడుపు ఇనవడితే మా వాడల తలుపు కొట్టరు, నూకుకొని వస్తరు. ఆడోళ్లు నన్ను పట్టుకుంటరు. మొగోళ్లు నిన్ను చూస్తరు.

దేవుడా, ఏం పని చెప్పినవయ్యా నాకు! మొగడు పోతే ఏడ్వనీకి గూడ లేకపాయె!

నిన్ను క్షమించిన అనుకుంటున్నవా? లేదు. అబద్ధమెందుకు, నా చెయ్యి గొళ్లెం మీదికే పోతున్నది. నీ మీద జాలి గూడ లేదు నాకు. నీ పానం నీది కాదు, నాది కాదు, ఇచ్చినోనిది. గందుకే ఆగిన.

పోలీసులొచ్చేదాక గిట్లనే ఉందాం. కొంగు నోట్ల కుక్కుకుంట.

నువ్వు గోడ దిక్కు తిరుగు. నా మొగని కోసం నేనేడ్చేది నువ్వు చూడొద్దు.